జేబులో భోషాణం

నా దగ్గర ఒక పెట్టె ఉంది. పెట్టె అన్నానని పెద్దగా ఊహించుకోకండి. చీట్లపేక కట్ట ఎంత ఉంటుందో ఇంచుమించు అంతే. పొడవు నాలుగంగుళాలు, దళసరి సెంటీమీటరు కన్న పిసరెక్కువ, తూకం 140 గ్రాములు. చొక్కా జేబులో వేసుకుంటే జేబు కాస్త కిందికి జారుతుంది తప్ప పక్కవాడికి ఏమీ తెలియదు. అందులో నలభై వేల పాటలు పడతాయని దాన్ని చేసినవాళ్ళు చెప్పారు.

నలభై వేలని నోటితో అనేస్తాం గాని, లెక్క వేసి చూడండి. పాట నాలుగు నిమిషాలనుకుంటే, తిండీ నిద్రా మాని రాత్రింబవళ్ళు వింటూ కూర్చున్నా 111 రోజులు పడుతుంది. అదే మన తాతల నాటి గ్రామఫోను ప్లేట్లలో ఉంచాలంటే, ప్లేటుకు రెండు పాటల చొప్పున ఇరవై వేల ప్లేట్లు కావాలి. ప్లేటు 200 గ్రాములు వేసుకోండి, నాలుగు టన్నులు. లారీ మాట్లాడుకోవాలి. ఆ లారీ సరుకంతా నా జేబులో ఉందన్న గర్వంతో నేను చాలా సంవత్సరాలు తిరిగాను.

దాని పేరు ఐపాడ్ క్లాసిక్. 160 గిగాబైట్ల రకం. 2009లో కొన్నాను. కొన్నది నేను కాదు లెండి; అమెరికాలో ఉన్న మా బావమరిది కొని, ఆ డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు పట్టుకొచ్చాడు. 249 డాలర్లు. అప్పటి మారకంలో పన్నెండు వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. పెట్టె చేతికిచ్చి, “ఇదుగో బావగారూ, మీరడిగింది” అన్నాడు. “ఇది మా అక్కా బావలకు నా కానుక” అంటాడేమోనని ఒక్క క్షణం చూశాను. అనలేదు. లోపలికి వెళ్ళి డబ్బు లెక్కపెట్టి తెచ్చాను.

మా ఆవిడ ఆ నోట్ల వంకా, పెట్టె వంకా మార్చి మార్చి చూసింది.

“ఇంకో వెయ్యో రెండు వేలో వేసుకుంటే కాసు బంగారం వచ్చేది కదండీ!” అంది.

ఈనాటికీ పేపర్లో బంగారం ధర చదివినప్పుడల్లా ఆ మాట ఒకసారి జ్ఞాపకం చేస్తూనే ఉంటుంది. ఆమెను ఊరుకోబెడదామని నేనొకసారి, 2016లో సోనీ వారు 3,200 డాలర్లకు ఒక పాటల పెట్టె అమ్మకానికి పెట్టారనీ, అది రాగి దిమ్మను తొలిచి బంగారు పూత పూసినదనీ, దాని ముందు మనది ఏపాటిదనీ చెప్పాను. “చూశారా, దాంట్లో బంగారమన్నా ఉంది” అంది. ఇహ నేను ఆ ప్రసంగం ఎత్తలేదు.

ఇంత సరుకు ఇంత చోట ఎలా ఇమిడిందన్నది నాకు మొదటినుంచీ వింతే. మన దేశంలో పాటను ప్లేటు మీదికి ఎక్కించడం 1902లో కలకత్తాలో మొదలైంది. గౌహర్ జాన్ అనే గాయని పాడింది. ప్లేటుకు పట్టేది మూడు నిమిషాల చిల్లర. రాగాన్ని అందులోకి కుదించి పాడవలసి వచ్చేది. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. 1963లో ఫిలిప్స్ వారు క్యాసెట్టు తెచ్చారు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక పాట మనిషితో పాటు నడవడం నేర్చుకుంది. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చి పాటను అంకెలుగా మార్చేసింది. చిక్కల్లా అంకెలు మరీ ఎక్కువ కావడమే. ఒక్క సెకను పాటకు పధ్నాలుగు లక్షల పైచిలుకు అంకెలు.

ఈ రాశిని తగ్గించే ఉపాయం జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్ళు కనిపెట్టారు. కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ అనే ఆయన పేరు ఇందులో ముఖ్యంగా చెబుతారు. అదే ఎమ్‌పీత్రీ. 1995లో ఆ పేరు స్థిరపడింది. దాని కిటుకు మనవాళ్ళకు కొత్తదేం కాదు. పెళ్ళిలో తాళి కట్టే వేళ గట్టిమేళం అంటారే, అదెందుకు? ఎవరైనా తుమ్మితే వినపడకుండా ఉండడానికి. డోలు ఆ పళాన మోగుతుంటే పక్కవాడి తుమ్ము మన చెవికి ఎక్కదు. ఎక్కని తుమ్మును రాసి ఉంచడం దేనికి? పెద్ద చప్పుడు చాటున చిన్న చప్పుడు ఎక్కడెక్కడ మరుగున పడుతుందో లెక్క కట్టి, ఆ చిన్న చప్పుళ్ళను జారవిడిచేస్తారు. అలా చేస్తే పాట పదకొండో వంతుకు దిగిపోతుంది. మామూలు చెవికి పెద్ద తేడా తెలియదు. తెలుస్తుందనే మహానుభావులూ ఉన్నారు; వారితో నేను వాదించను.

తక్కిన సగం ఉపాయం డిస్కుది. జపానులో తోషిబా వారు అంగుళం ముప్పాతికకు కొంచెం పైన ఉండే బుల్లి హార్డు డిస్కు చేశారు. ఆపిల్ వారు దాన్ని తీసుకుని 2001 అక్టోబరులో మొదటి ఐపాడ్ తెచ్చారు. దాంట్లో 5 గిగాబైట్లు, వెయ్యి పాటలు. ధర 399 డాలర్లు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి అదే జేబులోకి నలభై వేలు వచ్చాయి.

నలభై వేలు పట్టే పెట్టె ఇంటికొచ్చాక మనిషికి ఏమవుతుందో చెబుతాను. భోషాణం కొన్నవాడికి దాన్ని నింపేదాకా నిద్ర పట్టదు. నేను ఊరంతా తిరిగి పాటలు పోగుచేశాను. ఆఫీసులో ఎవరి దగ్గర ఎమ్‌పీత్రీ డిస్కు ఉందంటే వారింటికి కాఫీ వేళకు హాజరు. ఒకాయన దగ్గర త్యాగరాజ కృతులు, ఇంకొకాయన దగ్గర పద్యనాటకాలు, మూడో ఆయన దగ్గర నాకు ముక్క అర్థం కాని అరబ్బీ పాటలు. అన్నీ ఎక్కించాను. ఎక్కించడమే గాని విన్నానా అంటే, అదే వచ్చింది. పెట్టె చక్రం మీద వేలు తిప్పుతూ పోతే పేర్లు చరచరా జారిపోతుంటాయి. ఒకటి పెడతాను. పల్లవి కాగానే, దీని తర్వాతది ఇంకా బాగుంటుందేమోనని వేలు దానంతట అదే తిరుగుతుంది. మూడు నిమిషాల ప్లేటు కోసం కీ ఇచ్చి, ముల్లు మార్చి, పెట్టె ముందు కూర్చున్న మా తాతగారు నా అవస్థ చూస్తే ఏమనేవారో!

పేర్ల గొడవ ఒకటి. మన పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవాళ్ళు తలొక విధంగా రాశారు. ఘంటసాల గారిని జీ పక్కన హెచ్ పెట్టి రాసినవాడొకడు, హెచ్ లేకుండా రాసినవాడొకడు, మధ్యలో శకారం పలికించినవాడొకడు. యంత్రానికి ఏం తెలుసు? ముగ్గురు వేర్వేరు గాయకులని నమ్మి మూడు చోట్ల చూపించేది. సుశీలగారికైతే నాలుగు అవతారాలు. వాళ్ళందర్నీ ఒక్కటి చేయడానికి నాకు ఒక వేసవి పట్టింది. ఈ పేర్ల సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఇహ అసలు విషయానికి వస్తాను. మా నాన్నగారు తెనాలిలో ఉన్నప్పుడు ఇంట్లో ఒక టూ ఇన్ వన్ ఉండేది. రేడియోలో వచ్చేది అందులోనే క్యాసెట్టు మీదికి పట్టుకోవచ్చు. విజయవాడ కేంద్రం భక్తిరంజని, రేడియో నాటకాలు, సిలోన్లో వచ్చే పాటలు, ఆయన పట్టనిది లేదు. అరవై నాలుగు క్యాసెట్లు అయినాయి. 1986లో నేను సెలవులకు వెళ్ళినప్పుడు, ఏ క్యాసెట్టు చివర కాస్త ఖాళీ కనబడితే అందులో మా అమ్మ చేత పాడించేవాణ్ణి. అమ్మకు స్త్రీల పాటలు చాలా వచ్చు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, మంగళహారతులు, లాలిపాటలు. “నా పాటేమిట్రా, రేడియో వాళ్ళ పాటలు చెడగొట్టకు” అనేది. నాలుగు నిమిషాలు మిగిలితే ఒక హారతి, రెండు నిమిషాలుంటే ఒక లాలి. మొత్తం పధ్నాలుగు చోట్ల పాడించినట్లు నాకు జ్ఞాపకం. అమ్మ 1994లో పోయింది. నాన్నగారు ఆ తర్వాత ఆరేళ్ళకు.

2010లో ఈ క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. గంట క్యాసెట్టు ఎక్కించడానికి గంటా పడుతుంది. అందులో అడ్డదారి లేదు. నాలుగు నెలల ఆదివారాలు పోయాయి. ఇక్కడే నేనొక గొప్ప పని చేశాననుకున్నాను. సినిమా పాటలకు ఎమ్‌పీత్రీ చాలు గాని, అమ్మ గొంతులో ఒక్క తుమ్ము కూడా జారిపోవడానికి వీల్లేదని, వాటిని కుదించకుండా వేవ్ అనే పద్ధతిలో పూర్తిగా ఉంచాను. అరగంట ప్రక్క ఒకటికి 300 మెగాబైట్ల పైన. 128 ప్రక్కలకు నలభై గిగాబైట్లు. పెట్టెలో పావు వంతు. మరి అంత పెద్ద పెట్టె ఎందుకంటే, ఇందుకు! ప్రతిదానికీ పేరు కూడా వివరంగా రాశాను: ఫలానా నాటకం, ఇరవై రెండో నిమిషం నుంచి అమ్మ, అని.

క్యాసెట్లు ఏమయ్యాయంటారా? అప్పటికే బూజు పట్టి టేపు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. ఎక్కించేశాం కదా అని ఇల్లు మారినప్పుడు పాతసామాన్ల వాడికి వేసేశాను. 2015లో కంప్యూటరు మార్చినప్పుడు, పెట్టెలో ఉన్నాయి కదా అని వాటిని కొత్తదానికి దింపుకోలేదు. చదువుకున్నవాడు చేసే పని కాదు. కాని చేశాను.

2022లో ఒక పెళ్ళికి విశాఖపట్నం వెళుతున్నాను. పై బెర్తు. చెవుల్లో ఊర్మిళాదేవి నిద్ర. వింటూ వింటూ నేనే నిద్రపోయాను. ప్రక్కకి తిరగబోతే కాలు తీగెకు తగిలింది. పెట్టె కింద పడింది.

ఇక్కడ దాని లోపలి సంగతి కొంచెం చెప్పాలి. డిస్కు నిమిషానికి 4,200 సార్లు తిరుగుతుంది. దాని మీద చదివే ముల్లు ఆనదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎడంలో తేలుతూ ఉంటుంది. అలా తిరిగే సమయంలో దెబ్బ తగిలితే ముల్లు పోయి డిస్కును గీరేస్తుంది. అందుకనే దాన్ని చేసినవాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. డిస్కు ఒక్కసారి మేలుకుని ముందు రాబోయే పాటలు కూడా చదివి, పక్కనున్న చిన్న జ్ఞాపకపు గదిలో పడేసి, మళ్ళీ నిద్రపోతుంది. బాటరీ కలిసివస్తుంది, ప్రమాదమూ తక్కువ. ఎమ్‌పీత్రీ పాటలైతే ఒక్క విడతకు చాలాసేపు సరిపోతాయి. నేను కుదించకుండా ఉంచిన అమ్మ పాటలు ఆ గదిలో పట్టవు. అంచేత డిస్కు మాటిమాటికీ లేవవలసి వస్తుంది. పడినప్పుడు అది మేలుకునే ఉంది.

తీసి చూస్తే తెర మీద ఎర్రటి ఇంటూ గుర్తు. చెవి దగ్గర పెట్టుకుంటే గోడ గడియారంలాగా టిక్కు టిక్కుమంటోంది. పెళ్ళిలో ఏం తిన్నానో నాకు తెలియదు.

ఆ డిస్కులు ఇప్పుడు దొరకవు. 2014 సెప్టెంబరులోనే ఈ రకం తయారీ ఆపేశారు. భాగాలు ఎక్కడా దొరకడం లేదని ఆ కంపెనీ పెద్ద టిమ్ కుక్ గారే అప్పట్లో చెప్పారు. నేను విశాఖ నుంచి తిరిగివచ్చి మర్నాడే కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళాను. నలుగురు చూసి పెదవి విరిచారు. అయిదోవాడు పాతికేళ్ళ కుర్రవాడు. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని, వైద్యుడు నాడి చూసినట్లు కళ్ళు మూసుకున్నాడు.

“మొత్తం రాదు సార్. వచ్చినంత తీస్త. రెండు హఫ్తాలు టైమియ్యుండ్రి” అన్నాడు.

ఆ రెండు వారాలు మా ఆవిడ కాసు బంగారం మాట ఎత్తలేదు. అదొక్కటి చాలు, ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో చెప్పడానికి.

పదిహేనో రోజున వెళ్ళాను. చాలావరకు తీశాడు. డిస్కు ఉన్నచోట కెమెరాల్లో వేసే చిన్న కార్డు అమర్చి, పెట్టెకు ప్రాణం కూడా పోశాడు. ఇప్పుడది తిరగదు, పడినా పగలదు. నాలుగున్నర వేలు తీసుకున్నాడు. అడిగితే పది వేలు ఇచ్చేవాణ్ణి. 128 ప్రక్కల్లో 109 వచ్చాయని చెప్పాడు. మొహం చూసి, “కాని పేర్లు లేవు సార్” అన్నాడు.

సంగతేమిటంటే, ఈ పెట్టె పాటలను దాచేటప్పుడు మనం పెట్టిన పేరుతో దాచదు. నాలుగు పిచ్చి అక్షరాల పేరు తానే పెట్టుకుని ఏవేవో అరల్లో పడేస్తుంది. ఏది ఏదో వేరే ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా ఉన్న చోటే గీత పడింది. సినిమా పాటలకు ఇబ్బంది లేదు. ఎమ్‌పీత్రీకి పేరు చీటీ దాని కడుపులోనే ఉంటుంది. ఘంటసాల గారు హాయిగా ఒక్క అవతారంలోనే తిరిగి వచ్చారు. నేను అపురూపంగా వేవ్ పద్ధతిలో ఉంచినవాటికే కడుపులో చీటీ లేదు. ఇరవై రెండో నిమిషం నుంచి అమ్మ అని నేను రాసిందంతా చిట్టాలోనే ఉండి, చిట్టాతోనే పోయింది.

అంటే 109 ప్రక్కలు, ప్రక్కకు అరగంట. అందులో ఎక్కడెక్కడో అమ్మ ఉంది. ఒక లాలిపాట రెండు నిమిషాలే. దాటించి దాటించి వింటే తప్పిపోతుంది. కూర్చుని వినవలసిందే.

అప్పటినుంచి రాత్రి భోజనాలయ్యాక నేను వింటున్నాను. రోజూ కుదరదు. ఒంట్లో బాగులేని రోజులూ, చుట్టాలొచ్చిన రోజులూ ఉంటాయి. మానుకున్న సంవత్సరం కూడా ఒకటి ఉంది. దొరకదేమోనన్న భయంతో మానేశాను. మా ఆవిడ మొదట్లో నవ్వింది. తర్వాత రెండో తీగె తెప్పించుకుని ప్రక్కనే కూర్చోవడం మొదలెట్టింది. అత్తాకోడళ్ళు కలిసి ఉన్నది ఆరేళ్ళే. అయినా ఆమె చెవి నా చెవి కన్న మెరుగు. పద్దెనిమిదో ప్రక్కలో, ఒక నాటకం అయిపోయి టేపు ఉత్తగా బుస్సుమంటుంటే నేను తీసేయబోయాను. “ఉండండి, అత్తయ్యగారు గొంతు సవరించుకుంటున్నారు” అంది. నాకేమీ వినపడలేదు. నాలుగు సెకన్ల తర్వాత అమ్మ పాట ఎత్తుకుంది.

వెతుకుతున్నది ఒకటైతే దొరికేవి మరొకటి. నాన్నగారు రికార్డు మీట నొక్కి ఆపడం మరిచిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. భక్తిరంజని అయిపోయి, వార్తలు వచ్చి, రేడియో ఆగిపోయిన తర్వాత కూడా టేపు తిరుగుతూనే ఉంది. మా నూతి గిలక చప్పుడు ఉంది. పాలవాడితో అమ్మ బేరం ఉంది. ఒకచోట నాన్నగారు ఎవరితోనో నా ఉద్యోగం సంగతి చెబుతున్నారు. ఆయన నా ఎదుట నన్ను ఎన్నడూ మెచ్చుకున్న మనిషి కాదు. ఆ ప్రక్క నేను రెండుసార్లు విన్నాను. మా ఆవిడ మూడోసారి పెట్టమంది.

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. కిందటి పండక్కి వచ్చినప్పుడు ఈ తతంగమంతా చూసి, “నాన్నా, ఇప్పుడు ఫోన్లోనే కోట్ల పాటలు వస్తుంటే ఈ పాత డబ్బా ఎందుకు?” అన్నాడు. మాట నిజమే. ఆ కంపెనీ 2022 మే నెలతో తన పాటల పెట్టెలన్నిటికీ స్వస్తి చెప్పింది. నేను వాడికి జవాబు చెప్పకుండా ఒక చెవి తీగె అందించాను. లక్ష్మణదేవర నవ్వు వస్తోంది. వాడు అమ్మను చూడలేదు. వాడు పుట్టింది 1995లో. కాసేపు విని, “పాట మధ్యలో ఎవర్నో తిడుతోందే?” అన్నాడు.

“నన్నేరా. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, దింపమంటే నేను మైకు పట్టుకుని కదల్లేదు.”

వాడు వెళ్ళేముందు 109 ప్రక్కలకూ మూడు నకళ్ళు తీసిపెట్టాడు. ఒకటి వాడి దగ్గర, ఒకటి మా బావమరిది దగ్గర, ఒకటి ఇక్కడ బీరువాలో. పేర్లు మాత్రం నన్నే రాయమన్నాడు. ఈసారి చిట్టాలో కాదు, నోటు పుస్తకంలో.

నోటు పుస్తకంలో ఇప్పటికి 73 ప్రక్కలు ఎక్కాయి. అమ్మ తొమ్మిది చోట్ల దొరికింది. ఊర్మిళాదేవి ఇంకా నిద్ర లేవలేదు. ఆ ప్రక్క పోయిన పంతొమ్మిదిలో ఉందో, మిగిలిన ముప్పై ఆరులో ఉందో. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. అది కాగానే వస్తానంది. అంతదాకా మొదలెట్టవద్దని గట్టిగా చెప్పింది.